కారు ధర పడిపోతుంది, పార్టుల ధర పడదు: లక్ష దాటి తిరిగిన లగ్జరీ కారు లెక్క

చిత్తూరులో ఉండే మా బావమరిది పోయిన నెల రాత్రి పదకొండింటికి ఒక ఫొటో పంపాడు. నల్ల బెంజ్, 2015 మోడల్, డీజిల్, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది, అడిగేది 14 లక్షలు. కింద ఒక్క వాక్యం: "బావా, కొత్త క్రెటా కొనే డబ్బుకి బెంజ్ వస్తోంది, ఏమంటావ్?" నేను జవాబిచ్చే లోపే ఫ్యామిలీ గ్రూపులో పంచాయితీ మొదలైంది. పెద్దమామ "ఏనుగును కొనడం ఎంతసేపురా, మేపాలి కదా" అన్నాడు. బెంగళూరులో ఉండే ఇంకో తమ్ముడు మాత్రం ఆ ఇంజన్లు నాలుగు లక్షల కిలోమీటర్లు అలవోకగా తిరుగుతాయని, లక్షన్నర అంటే ఇంకా పసిబిడ్డేనని వాదించాడు.

ఇందులో తిక్క ఏమిటంటే ఇద్దరూ తప్పు చెప్పలేదు. ఇద్దరూ వేరే వేరే లెక్కలు చెప్తున్నారు, అంతే. ఆ లెక్కలు విడదీసి చూద్దాం.

ముందు మాట తేల్చుకుందాం: హై మైలేజ్ అంటే?

మన దగ్గర "మైలేజ్ ఎంత?" అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందని అర్థం. ఇంటర్నెట్‌లో విదేశాల వాళ్ళు "హై మైలేజ్ కారు" అంటే మాత్రం ఎక్కువ తిరిగిన కారు. ఈ తికమకలో ఒకాయన "హై మైలేజ్ బీఎండబ్ల్యూ" అన్న ప్రకటన చూసి లీటరుకి పాతిక ఇస్తుందేమో అనుకున్నాడట, నవ్వకండి. ఇక్కడ నేను చెప్పేది తిరిగిన కిలోమీటర్ల గురించే. మన దగ్గర లక్ష దాటిందంటే "బాగా తిరిగిన బండి" కింద లెక్క, లక్షన్నర దాటితే చాలామంది ఫోన్ పెట్టేస్తారు.

అంత ఖరీదైన కారు అంత చవక ఎట్లా అయింది?

కొత్తలో 50 లక్షల పైన పలికిన కారు పదేళ్లకి 14 లక్షలకి దిగడానికి కారు పాడైపోవడం ఒక్కటే కారణం అనుకోవద్దు. మొదటి కారణం, ఆ కారు కొత్తది కొనగలిగే వాళ్ళు పాతది కొనరు, పాతది కొనే వాళ్ళకి దాన్ని నడపాలంటే భయం. కొనేవాళ్ళు తక్కువ, అమ్మేవాళ్ళు ఎక్కువ. రెండోది, మోడల్ మారగానే పాతది పాతదిగా కనబడుతుంది, బెంజ్ కొనేదే కనబడటానికి కదా. మూడోది వారంటీ. కంపెనీ వారంటీ, దాన్ని పొడిగించిన వారంటీ అన్నీ అయిపోయాక వచ్చే బిల్లు మొత్తం ఓనర్ జేబులోంచే. అందుకే వారంటీ అయిపోయే సమయానికి బోలెడు బండ్లు ఒక్కసారిగా మార్కెట్లోకి వస్తాయి.

దీనికి 2025లో ఇంకోటి తోడైంది. సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. అంతకు ముందు పెద్ద ఎస్‌యూవీల మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్, కలిపి 50 శాతం ఉండేది. ఇప్పుడు సెస్ తీసేసి 40 శాతం చేశారు. కొత్త కారు ధర లక్షల్లో తగ్గితే పాత కారు కూడా అదే ధర పట్టుకుని కూర్చోలేదు కదా.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి ఇంకో చిక్కు కూడా విప్పేద్దాం. "పాత కారు అమ్మితే 18 శాతం జీఎస్టీ" అని వాట్సాప్‌లో తెగ తిరిగింది. ఆ పన్ను జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి మాత్రమే, అది కూడా అతనికి మిగిలిన లాభం మీద. డీలర్ 12 లక్షలకి కొని 14 లక్షలకి అమ్మితే రెండు లక్షల మీద 18 శాతం, అంటే 36,000. ఇంట్లో వాడుకున్న కారును ఒక మనిషి ఇంకో మనిషికి అమ్ముకుంటే ఈ పన్ను లేదు.

కిలోమీటర్లు చూడాలా, గంటలు చూడాలా?

నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చే భాగం ఇదే. మీటరు కిలోమీటర్లు చెప్తుంది, ఇంజన్ మాత్రం గంటల్లో అరుగుతుంది.

రెండు కార్లు అనుకోండి. ఒకటి తిరుపతి నుంచి బెంగళూరుకి వారానికోసారి హైవే మీద తిరిగింది. 1,40,000 కిలోమీటర్లు, సగటు వేగం గంటకి 60. అంటే ఇంజన్ దాదాపు 2,330 గంటలు నడిచింది. రెండోది బెంగళూరు ట్రాఫిక్‌లోనే బతికింది. 60,000 కిలోమీటర్లే, కానీ సగటు వేగం 18. అంటే 3,330 గంటలు. సగం కూడా తిరగని కారు ఇంజన్ వెయ్యి గంటలు ఎక్కువ పనిచేసింది! పైగా ట్రాఫిక్‌లో గేర్లు మారడం ఎక్కువ, బ్రేకులు ఎక్కువ, ఏసీ కంప్రెసర్ ఎప్పుడూ ఆన్, గాలి సరిగ్గా ఆడక వేడి ఎక్కువ.

డీజిల్ అయితే దీనికి ఇంకో మెలిక. కొత్త డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది, పొగలోని మసిని పట్టుకుంటుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చాక ఇది మామూలైపోయింది. పాత లగ్జరీ కార్లలో కూడా కొన్నిటికి ముందే ఉంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేగంగా వెళ్ళాలి. తిరుపతిలోనే లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరికి, అలిపిరి నుంచి ఇంటికి తిప్పే కారుకి ఆ అవకాశమే రాదు, ఫిల్టర్ పూడుకుపోతుంది. నెలకి రెండుసార్లు చెన్నై వెళ్ళొచ్చే కారుకి ఈ టెన్షన్ చాలా తక్కువ.

అయితే "హైవే కిలోమీటర్లు" అన్నది అమ్మేవాళ్ళందరికీ నోటికొచ్చిన మాట కూడా. మన వైపు హైవే అంటే చదునైన రోడ్డే అనుకోకూడదు. చిత్తూరు, పలమనేరు మధ్య మొగిలి ఘాట్ ఉంది. తిరుమల దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది, మలుపు మీద మలుపు. వారంవారం కొండకి వెళ్ళే భక్తుడి కారుకి పుణ్యం ఎంతొచ్చిందో తెలీదు కానీ రెండు టన్నుల దాకా తూగే బండి దిగేటప్పుడు బ్రేక్ డిస్కుల మీద పడే భారం మాత్రం మామూలుది కాదు. అసలు తిరగని కారు మంచిదా అంటే అదీ కాదు. పదేళ్ళలో 25,000 తిరిగి షెడ్డులో నిలబడిపోయిన కారులో రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, టైర్లు గట్టిపడతాయి, బ్యాటరీ చస్తుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

కాణిపాకం ప్రమాణం, మీటరు నిజం

బ్రోకర్ "కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా సామీ, మీటరు ముట్టలేదు" అంటాడు. వినాయకుడి మీద నమ్మకం ఉన్నవాళ్ళమే, కానీ ఆ బ్రోకర్‌కి కూడా మీటరు సంగతి తెలియకపోవచ్చు, అతనికి బండి చేరేసరికే అది మూడో చెయ్యి.

మీటరు తిప్పడం అంటే ఇప్పుడు అంకెల చక్రాలు వెనక్కి తిప్పడం కాదు, ల్యాప్‌టాప్ పెట్టి అంకె మార్చడం. ఈ జర్మన్ కార్లలో మనకి కలిసొచ్చే సంగతి ఏమిటంటే చాలా మోడళ్ళలో కిలోమీటర్ల లెక్క ఒక్కచోటే ఉండదు. మీటరు బోర్డులో ఒకటి, బండిలో ఉండే వేరే చిన్న కంప్యూటర్లలో (కంట్రోల్ యూనిట్లు) ఇంకోటి, బీఎండబ్ల్యూ అయితే తాళంచెవిలో కూడా రాసిపెట్టుకుంటుంది. ముందు మార్చినవాడు అన్నిచోట్లా మార్చకపోతే స్కానర్ పెట్టినప్పుడు దొరికిపోతాడు. దీనికంటే గట్టి సాక్ష్యం సర్వీస్ చరిత్ర. ప్రతి సర్వీసులో ఆ రోజు కిలోమీటర్లు నమోదవుతాయి. 2021లో 1,12,000 ఉన్న బండి 2024లో 84,000 చూపిస్తే ఇక మాట్లాడేదేముంది.

కాగితాలు ఏమీ లేకపోయినా బండి తనకు తానే కొంత చెప్తుంది. 50,000 అని చెప్పే కారులో స్టీరింగ్ తోలు నున్నగా మెరిసిపోతూ, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగిపోయి, డ్రైవర్ సీటు అంచు చిట్లి ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

లక్ష దాటాక ఏమేమి ఖర్చుకొస్తాయి

ఇంజన్ గట్టిదే. గొడవ అంతా దాని చుట్టూ ఉన్నవాటితో.

గేర్‌బాక్స్ సంగతి చూడండి, ఇక్కడ నిజంగానే రెండు పక్షాలున్నాయి. చాలా కార్ల కంపెనీలు ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్ "లైఫ్‌టైమ్", మార్చక్కర్లేదు అన్నాయి. కానీ బీఎండబ్ల్యూ లాంటి కార్లలో ఉండే 8 గేర్ల బాక్సు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకి మార్చమంటుంది. ఎవరి లైఫ్‌టైమ్ అన్నదే ప్రశ్న. మొదటి ఓనర్ నాలుగేళ్ళు వాడి అమ్మేస్తాడు, అతని లెక్కలో లైఫ్‌టైమ్ అయిపోయింది. 1,38,000 దగ్గర కొనేవాడికి ఆ ఆయిల్ మారిందా లేదా అన్నది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆయిల్ మార్పు వేలల్లో పోతుంది, గేర్‌బాక్స్ పని లక్షల్లో పోతుంది.

తర్వాత ఎయిర్ సస్పెన్షన్. మామూలు స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నడుస్తుంది, పెద్ద బెంజ్‌లు, ఆడి క్యూ7, రేంజ్ రోవర్లలో కనిపిస్తుంది. ఆ సుఖం ఎక్కినవాడికే తెలుసు. సంచి రబ్బరుకి సన్న పగులు వస్తే గాలి కారుతుంది, కారిన గాలిని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, చివరికి అదీ పోతుంది. రాత్రి సమంగా నిలబెట్టిన బండి పొద్దున్నే ఒక మూల కూలబడి ఉంటే కథ మొదలైనట్టు.

ఒక్కో మోడల్‌కి ఒక్కో జబ్బు కూడా ఉంటుంది, ఇది బ్రాండు పేరుతో తేలదు, ఇంజన్ పేరుతో తేలుతుంది. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజన్లో, ముఖ్యంగా 2007 నుంచి 2011 దాకా వచ్చిన వాటిలో, టైమింగ్ చైన్ (ఇంజన్ లోపలి భాగాలు సరైన సమయానికి కదిలేలా చూసే గొలుసు) సాగిపోవడం ప్రపంచమంతా తెలిసిన సమస్య. ఆ చైన్ ఉండేది ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ వైపు. అంటే చైన్ ఖరీదు కన్నా దాన్ని చేరుకోవడానికి అయ్యే ఖర్చే ఎక్కువ. అదే ఏడాది ఇంకో ఇంజన్‌కి ఈ బాధ లేకపోవచ్చు. అందుకే "బీఎండబ్ల్యూ మంచిదా, ఆడి మంచిదా" అనే ప్రశ్నకి జవాబు లేదు.

ఇక చిల్లర ఖర్చులు, అవి పేరుకే చిల్లర. చాలా బీఎండబ్ల్యూలకి రన్‌ఫ్లాట్ టైర్లు వస్తాయి, పంక్చర్ అయినా కొంతదూరం నడుస్తాయి, స్టెప్నీ ఉండదు, ధర మాత్రం మామూలు టైరు కన్నా బాగా ఎక్కువ. కొన్నిటిలో బ్యాటరీ మారిస్తే కంప్యూటర్‌లో నమోదు చేయాలి. పెద్ద పని పడితే మన వైపు చాలామంది చూసేది చెన్నైనో బెంగళూరునో. తిరుపతి నుంచి చెన్నై దాదాపు 140 కిలోమీటర్లే కాబట్టి సరే, కానీ ఆగిపోయిన ఆటోమేటిక్ బండిని తాడు కట్టి లాక్కెళ్ళలేం, లారీ మీద ఎక్కించాలి.

పెట్రోల్ కారైతే ఇప్పుడు ఈ20 మాట కూడా వినిపిస్తోంది. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది, పాత కార్లు చాలావరకు 10 శాతానికి తయారైనవి. లీటరుకి ఇచ్చే కిలోమీటర్లు కొద్దిగా తగ్గడం తప్ప పెద్ద నష్టం లేదని ప్రభుత్వం అంటోంది, రబ్బరు గొట్టాలు, సీళ్ళు తొందరగా పోతాయేమోనని పాత కార్ల ఓనర్లు భయపడుతున్నారు. డీజిల్ వాళ్ళకి ఈ చర్చతో పని లేదు.

బావమరిది బెంజ్: నాలుగేళ్ళ లెక్క

ఇప్పుడు అసలు లెక్క. ఇవి నేను అంచనాగా వేసుకున్న అంకెలు, బండిని బట్టి మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

కొన్న ధర 14 లక్షలు. కొన్న మొదటి ఏడాదే పెండింగ్ పనులు తీర్చాలి: ఇంజన్, గేర్‌బాక్స్ ఆయిళ్ళకి 40,000, బ్రేకులకి 60,000, నాలుగు టైర్లకి లక్ష, బ్యాటరీకి 30,000, సస్పెన్షన్ బుష్‌లు వగైరాకి 70,000. మొత్తం మూడు లక్షలు. ఆ తర్వాత ఏటా సర్వీసుకి 40,000, ఇన్సూరెన్స్‌కి 45,000. ఏటా 12,000 కిలోమీటర్లు తిరిగి లీటరుకి 12 ఇస్తే వెయ్యి లీటర్లు, లీటరు 97 లెక్కన 97,000. (తమిళనాడు బార్డర్ దాటి కొట్టించుకుంటే కాస్త తగ్గుతుంది, చిత్తూరు వాళ్ళకి నేను చెప్పాలా.) చెప్పకుండా వచ్చే రిపేర్ల కోసం ఏటా 1,20,000 పక్కన పెడదాం. అంటే ఏటా 3,02,000, నాలుగేళ్ళకి 12,08,000. అన్నీ కలిపితే 29,08,000. నాలుగేళ్ళ తర్వాత అమ్మితే ఐదు లక్షలు వచ్చాయనుకుందాం. చేతిలోంచి పోయింది 24,08,000. తిరిగింది 48,000 కిలోమీటర్లు. కిలోమీటరుకి 50 రూపాయలు.

అదే ఆన్‌రోడ్ 18 లక్షల కొత్త డీజిల్ కారు తీసుకుంటే? లీటరుకి 16 లెక్కన ఏటా డీజిల్ 72,750, ఇన్సూరెన్స్ 40,000, సర్వీస్ 12,000. నాలుగేళ్ళకి 4,99,000, ఒకసారి టైర్లకి 40,000. ధరతో కలిపి 23,39,000. పది లక్షలకి అమ్మితే పోయింది 13,39,000, కిలోమీటరుకి 28 రూపాయలు.

రెండిటికీ తేడా 10,69,000. నెలకి 22,000 పైచిలుకు. ముందు నక్షత్రం గుర్తు చూసుకుంటూ నడిపినందుకు నెలవారీ చందా అనుకోండి. పెద్దమామ చెప్పింది ఈ లెక్కే.

ఇప్పుడు బెంగళూరు తమ్ముడి లెక్క. అదే తరగతి కారు కొత్తది 75 లక్షలకి కొని నాలుగేళ్ళకి 38 లక్షలకి అమ్మితే ధరలోనే 37 లక్షలు పోయాయి. డీజిల్ 3,88,000, ఇన్సూరెన్స్ ఏటా లక్షన్నర చొప్పున ఆరు లక్షలు, సర్వీస్ ప్యాకేజీ రెండు లక్షలు. మొత్తం 48,88,000. దాని పక్కన మన పాత బెంజ్ సగం ఖర్చే! ఎలాగూ లగ్జరీ కారే కొనే మనిషికి పాతది లాభం, ఎలాగూ క్రెటాతో సరిపెట్టుకునే మనిషికి అదే కారు దాదాపు రెట్టింపు ఖర్చు. దేనితో పోలుస్తున్నాం అన్నదాన్ని బట్టి అదే అంకె చవక అవుతుంది, ఖరీదూ అవుతుంది.

ఇంకో తేడా ఈ లెక్కలో కనబడదు. కొత్త కారు ఖర్చు నెలనెలా ఈఎంఐ రూపంలో తెలిసి వస్తుంది. పాత బెంజ్ ఖర్చు ఎనిమిది నెలలు ఏమీ లేకుండా ఉండి తొమ్మిదో నెలలో ఒకేసారి రెండు లక్షలై వస్తుంది. సగటు ఒకటే అయినా ఇంట్లో జరిగే గొడవ ఒకటి కాదు.

ఢిల్లీ, పుదుచ్చేరి నంబర్లు ఎందుకంత చవక

ఇదే మోడల్ ఢిల్లీ నంబరుతో మూడు లక్షలు తక్కువకి కనబడుతుంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2014-15లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) అంది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తర్వాత సడలింపులు, వాయిదాలు వచ్చినా అక్కడి ఓనర్లకి భయం పోలేదు, అందుకే వయసు దగ్గరపడ్డ బండ్లు దక్షిణాదికి దిగుతుంటాయి. పుదుచ్చేరి కథ వేరు, అక్కడ పన్ను తక్కువని వేరే రాష్ట్రాల వాళ్ళు ఖరీదైన కార్లు అక్కడి అడ్రస్‌తో రిజిస్టర్ చేయించుకునేవాళ్ళు, 2017లో కేరళలో దీని మీద కేసులు కూడా అయ్యాయి.

వేరే రాష్ట్రం బండి ఇక్కడ ఏడాదికి మించి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఆ ట్యాక్స్ మనం కొన్న 11 లక్షల మీద వేస్తారనుకుంటారు. లెక్క మొదలయ్యేది బండి కొత్తలో ఉన్న ధర నుంచి, వయసును బట్టి శాతం తగ్గుతుంది. ఉదాహరణకి 50 లక్షల బండికి 8 శాతం పడిందనుకుంటే నాలుగు లక్షలు. మిగిలిందనుకున్న మూడు లక్షలూ పోయి పైన ఇంకో లక్ష. అక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు, వచ్చేదాకా తిరిగే ఓపిక ఉండాలి.

2015 బండి ఆర్సీ 2030 దాకా. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేసుకోవాలి. నాలుగేళ్ళ తర్వాత ఐదు లక్షలకి మించి రాదని నేను వేసుకోవడానికి అదో కారణం.

ఇన్సూరెన్స్ కాగితంలో కనబడనిది

అమ్మేవాడు "50 శాతం ఎన్‌సీబీ ఉందన్నా" అని ఊరిస్తాడు. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు, అతనితోనే వెళ్ళిపోతుంది. ఐదేళ్ళు దాటిన బండికి బీమా విలువ కంపెనీ, మనం మాట్లాడుకుని కుదుర్చుకోవాలి. జీరో డిప్రిసియేషన్, అంటే పార్టుల అరుగుదల పేరుతో కోత పెట్టని కవర్, పాత బండ్లకి దొరకడం కష్టం. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖర్చులో సగం మనదే. పీలేరు రోడ్డులో ఆవు అడ్డమొచ్చి బంపరు, హెడ్‌లైటు కలిపి రెండు లక్షల బిల్లయితే దాదాపు లక్ష మన జేబులోంచే.

నీళ్ళలో మునిగిన బండ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2015 డిసెంబర్ చెన్నై వరదలు, 2023 మిచౌంగ్ తుఫాను, మన తిరుపతిలోనే 2021 నవంబర్ వానలు, వీటిలో మునిగిన కార్లన్నీ తుక్కుకి పోలేదు. కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీల వేలంలో అమ్ముడై, కడిగి తుడిచి మళ్ళీ రోడ్డెక్కాయి. లగ్జరీ కార్లలో కంట్రోల్ యూనిట్లు కొన్ని కార్పెట్ కింద, డిక్కీ అడుగున ఉంటాయి కాబట్టి మోకాలి లోతు నీళ్ళు చాలు, రెండేళ్ళ తర్వాత కూడా వైర్ల కనెక్టర్లు పచ్చగా తుప్పు పట్టి మీటరు బోర్డులో ఒక్కో హెచ్చరిక లైటు వెలుగుతుంది. సీటు బెల్టును చివరిదాకా లాగితే కనబడే మట్టి మరక, సీటు పట్టాల మీది తుప్పు, వీటిని కడగాలని ఎవరికీ గుర్తురాదు.

ఇదంతా ఫోన్లో గంటసేపు చెప్పాను. "అంటే కొనొద్దంటావా బావా?" అన్నాడు. నెలకి ఇరవై రెండు వేలు ఎక్కువైనా నాకు సరదా అనుకుంటే కొనుక్కో, చవకని మాత్రం అనుకోకు అన్నాను. మొన్న ఆదివారం బెంగళూరు వెళ్ళి బండి చూశాడు. సాయంత్రం మళ్ళీ ఫొటోలు వచ్చాయి, ఈసారి నల్ల పెయింటు మెరుపులు కాదు, నాలుగు టైర్ల పక్కగోడలు. నాలుగు చక్రాలకి నాలుగు కంపెనీల టైర్లు. ఒకదాని మీద 1418 అని ఉంది, అంటే 2018లో పద్నాలుగో వారంలో తయారైంది. కింద రాశాడు: "టైర్లకే ఇట్లా చేసినోడు గేర్ ఆయిల్ మార్చి ఉంటాడంటావా?"